ఎడమచేతి ఇరవై నిమిషాలు

జూన్ 4

చిన్నోడా,

నువ్వు మీ ఫిజియోథెరపీ సెంటర్ నుంచి పంపిన పెట్టె సోమవారం చేరింది. లోపలివేవీ పగల్లేదు. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటున్నావేమో. మాది రెండు గదుల ఇల్లు, మధ్యలో తలుపు కూడా లేదు, కర్టెనే. నేను ఏం మాట్లాడినా మీ బావకి వినబడుతుంది. పక్షవాతం చేతికీ కాలికీ వచ్చింది గానీ చెవులకి రాలేదు. మొన్న "నా మీద నీ తమ్ముడికి చాడీలు చెప్పడం అయిందా?" అని అడిగారు. నేను మాట్లాడుతున్నది గ్యాసు బండవాడితో. అందుకని లైబ్రరీలో, నా బైండింగ్ పని మధ్య, అట్టలకి పూసిన జిగురు ఆరేలోపు ఇది రాస్తున్నాను. మరకలు పడితే ఏమీ అనుకోకు.

మేడమీది టీచరుగారు తెలుసుగా, నేను పనికెళ్ళిన నాలుగు గంటలూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దావిడ. లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, ఏదీ ఒకసారి చదివి వదలరు. నువ్వు పంపిన సూచనల కాగితం మూడుసార్లు పైకి చదివారు. తర్వాత ఆ ఆట తోట కనబడే హెడ్‌సెట్ ఆయన కళ్ళకి కట్టాం. ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే రిమోట్ చుట్టూ మడిచి పట్టీ బిగించాం.

"చెట్టు కనబడుతోందా?" అన్నాను.

"కనబడుతోంది."

"పండు కొయ్యండి మరి."

"నువ్వు కొయ్యి. ముప్పై అంతస్తుల మీద కూర్చుని ఇరవై రెండేళ్ళు క్రేన్ నడిపినవాణ్ణి. మీ తమ్ముడు నాతో పళ్ళు కోయిస్తాడా?"

అయినా కోశారు. మూడు. నాలుగోదానికి చెయ్యి ఛాతీ దాకా లేచి అక్కడే వణుకుతూ ఉండిపోయింది. హెడ్‌సెట్ తీస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. "చెమట" అన్నారు. నేనూ చెమటే అన్నాను.

ఏప్రిల్‌లో ఆస్పత్రి నుంచి తెచ్చినప్పటి నుంచి చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను, గడ్డం నేనే గీస్తున్నాను, రాత్రి మూడుసార్లు పక్కకి తిప్పుతున్నాను. మొన్న ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా వేశాను. ఇరవై ఏళ్ళలో అలా ఎప్పుడూ వెయ్యలేదు. సరేలే, ఇదంతా నీకెందుకు.

జిగురు ఆరిపోయింది.
అక్క

* * *

జూన్ 11

అక్కా,

మూడు పళ్ళు తక్కువేమీ కాదు. మొదటి రోజు ఒక్కటీ కొయ్యలేక రిమోట్ విసిరికొట్టినవాళ్ళు నా లిస్టులో తొమ్మిది మంది ఉన్నారు.

కొన్ని విషయాలు గుర్తుపెట్టుకో. ఆట రోజుకి ఇరవై నిమిషాలే. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా మర్నాటిదాకా తెరుచుకోదు. ఉత్సాహపడి ఎక్కువ ఆడితే భుజం వాస్తుందని మేమే అలా పెట్టాం. చెయ్యి ఎంత ఎత్తు లేచింది, ఎన్నిసార్లు చాచారు, ఎంత వణికింది, అన్నీ పొద్దున్నే నా బల్ల మీది తెరకి వచ్చేస్తాయి. నువ్వు పక్కన నిలబడి మోచెయ్యి ఎత్తి సాయం చెయ్యకు. అది ఆయన చెయ్యే చెయ్యాలి. వరసగా పది రోజులు ఆడకపోతే పెట్టె వెనక్కి తీసుకుని, వరసలో ఉన్న ఇంకొకళ్ళకి పంపిస్తారు. నేను చెప్పినా వినరు.

ఇంకో సంగతి. బావ కంపెనీ సైట్ మేనేజరుతో మాట్లాడాను. క్రేన్ ఎక్కడం ఇక కుదరదు, అది మనకీ తెలుసు. కింద కంట్రోల్ గదిలో కూర్చుని సిగ్నళ్ళు చూసే పని ఒకటుంది. ఒక చేత్తో వైర్‌లెస్, ఒక చేత్తో మీటలు. ఆగస్టు చివరిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు, మా సెంటర్ నుంచి చెయ్యి పనిచేస్తోందని రిపోర్టు వస్తే. పక్షవాతంలో మొదటి ఆరు నెలలూ బంగారం అక్కా. అప్పుడు వచ్చిందే ఎక్కువ, తర్వాత వచ్చేది తక్కువ. రెండు నెలలు ఇప్పటికే అయిపోయాయి. బావ మొండికేస్తే ఈ మాట చెప్పు.

నా పని మామూలే. నలభై ఒక్క మంది. రోజంతా తెర మీద మోచేతులూ మోకాళ్ళే తప్ప మొహాలు గుర్తుండటం లేదు. నిన్న లిఫ్టులో ఒకాయన నమస్కారం పెడితే ఆయన మొహం కాదు, భుజం చూసి గుర్తుపట్టాను.

బావ రోజూ ఆడేలా చూడు.
చిన్నోడు

* * *

జూన్ 26

చిన్నోడా,

పెద్దగా రాయలేను, కళ్ళు మూసుకుపోతున్నాయి.

నాలుగు రోజులు మీ బావ పెట్టె ముట్టలేదు. నువ్వు చెప్పమన్న బంగారం మాట చెప్పాను. "బంగారమైతే నువ్వు దాచుకో" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్రొచ్చిందో, నా మొహం చూడలేకో. గురువారం మాత్రం హెడ్‌సెట్ మంచం మీదికి గిరాటేశారు. పగల్లేదులే.

ఇప్పుడు బాగానే నడుస్తోంది. మధ్యాహ్నం రెండున్నరకి, నేను పని నుంచి వచ్చాక, రోజూ తప్పకుండా. ఆ తోట చాలా బాగుంటుందట. గాలికి ఆకులు కదిలే చప్పుడు కూడా వస్తుందట. ఒక నల్లపిట్ట వచ్చి మనం కోసిన పండే బుట్టలోంచి ఎత్తుకుపోతుందట కదా, దాన్ని ఎవరు పెట్టారో గానీ నవ్వొస్తుంది.

ఇక దిగులు పెట్టుకోకు.
అక్క

* * *

జులై 9

అక్కా,

పొద్దున్న ఎనిమిదింటికి తెర చూసి, మెట్ల దగ్గరికి వెళ్ళి కాసేపు ఒంటరిగా కూర్చున్నాను. ఏడ్చానని ఎవరికీ చెప్పకు.

బావ చెయ్యి మొన్నటిదాకా ఛాతీ దాటేది కాదు. ఇప్పుడు తల మీదికి లేస్తోంది! వణుకు దాదాపు లేదు. ఆ నల్లపిట్ట, చెయ్యి భుజం దాటి పైకి లేస్తే గానీ రాదు. నువ్వు దాని గురించి రాసినప్పుడే, అప్పుడే అక్కడిదాకా వెళ్ళారా అనుకున్నాను. రెండు వారాల్లో ఇంత మార్పు మా సెంటర్‌లో ఎవరూ చూడలేదు. మా పెద్ద డాక్టరుగారు ఆ గ్రాఫుని ప్రింట్ తీయించి మీటింగ్ గది గోడకి అంటించారు. "ఎవరీ పేషెంటు?" అని అడిగితే "మా బావ" అన్నాను. నా ఎత్తు రెండంగుళాలు పెరిగినట్టయింది.

ఆట ఒక మెట్టు పెంచాను. ఇకనుంచి నిలబడి ఆడాలి. కంపెనీకి రిపోర్టు కూడా పంపించేశాను, ఆలస్యమెందుకని. ఈ వారంలోనే మేనేజరు ఇంటికి వచ్చి కలుస్తానన్నాడు. బావకి ముందే చెప్పకు, సంతోషపడనీ.

ఒక్కోరోజు ఈ ఉద్యోగం వదిలేద్దామనిపిస్తుంది. ఇలాంటిది ఒక్కటి చూస్తే చాలు, ఇంకో ఏడాది లాగొచ్చు. బావని నా తరఫున గట్టిగా కౌగిలించుకో.

చిన్నోడు

* * *

జులై 17

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

సోమవారం మేనేజరు వచ్చాడు. మంచి మనిషే. చేతిలో నీ రిపోర్టు. "మీ గురించి చదివి చాలా సంతోషించానండీ, ఏదీ, ఒకసారి చెయ్యెత్తండి" అన్నాడు. మీ బావ ఎత్తారు. చొక్కా రెండో గుండీ దాకా. అతను కాగితం చూశాడు, చెయ్యి చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. మీ బావ కాగితం అడిగి తీసుకుని చదివి, మడిచి తిరిగిచ్చారు. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

మర్నాడు నేను పనిలో ఉండగా, టీచరుగారు పొయ్యి ఆపి వద్దామని పైకెళ్ళిన పది నిమిషాల్లో, ఈయన ఒక్కరే ఆ హెడ్‌సెట్ కట్టుకున్నారు. పట్టీ పళ్ళతో బిగించుకున్నారు. లేచి నిలబడ్డారు. టీచరుగారికి పై నుంచి చప్పుడు వినబడింది. ఎడమ భుజం కిందకి పెట్టి పడ్డారు. కీలు జారింది. మూడు వారాలు చెయ్యి మెడకి కట్టుకునే ఉండాలన్నారు.

ఆడింది నేను చిన్నోడా. నీ తెర మీదికి వచ్చినవన్నీ నావే. ఆయన రోజుకి మూడేసి కోసి మానేశాక వచ్చిన ప్రతి పండూ నేను కోసిందే.

గురువారం ఆయన విసిరేసినప్పుడు, పగిలిందేమో చూద్దామని కళ్ళకి పెట్టుకున్నాను. అంతే అనుకున్నాను. ఎదురుగా తోట. ఎవరూ లేరు. ఎవరూ నన్ను పిలవలేదు. దాహమనలేదు, తిప్పమనలేదు. ఎడమచేత్తో ఒక పండు కోశాను. పిట్ట ఎత్తుకుపోయింది. ఇరవై నిమిషాలయ్యాక అదే ఆగిపోయింది. లేచి కూర గిన్నె తోముకున్నాను. ఆ సాయంత్రం ఆయన మీద విసుక్కోలేదు. మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను.

పెట్టె వెనక్కి తీసుకుపోతారన్న భయంతో ఆడానని నీకు రాద్దామనుకున్నాను. అది అబద్ధం. "ఈ రోజు ఆడతారా?" అని పొద్దున్నే నీరసంగా అడిగేదాన్ని. "రేపు" అనేవారు. ఆ మాట వింటే నాకు హాయిగా ఉండేది. భార్యనై ఉండి అలా అనుకున్నాను. నువ్వు మెట్ల మీద కూర్చుని ఏడ్చానని రాసిన రోజే చెప్పాల్సింది.

మీ గోడ మీద ఉన్నది నా చెయ్యి. తీసెయ్యి.

అక్క

* * *

జులై 22

అక్కా,

తీసేశాను. నేనే కుర్చీ ఎక్కి, నలుగురూ చూస్తుండగా.

పెద్ద డాక్టరుగారికి చెప్పాను. కంపెనీకి రిపోర్టు తప్పని రాశాను. సంతకం నాది కాబట్టి సంజాయిషీ కూడా నాదే. పెట్టె వెనక్కి పంపమని నీకు కాగితం వస్తుంది.

నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. ఇది బావ ఆలోచనేనా? ఆ కుర్చీ కోసం నీచేత ఆడించారా? అయితే ఆయన్ని నేను క్షమించలేను. కాదు, నువ్వే చేశావంటే అది ఇంకా కష్టంగా ఉంది. ఆయన చేతికున్న ఆరు నెలల్లో దాదాపు నెల తోటలో తిరిగొచ్చావు. కొత్త మెట్టు నేను పెంచాను, ఆయన పడ్డారు. ఆ చప్పుడు నేను వినలేదు గానీ తల లోపల వినబడుతూనే ఉంది.

అలసిపోయానని ఒక్క మాట రాస్తే నేను కాదనేవాణ్ణా? ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నాం కదా.

తమ్ముడు

* * *

జులై 29

తమ్ముడూ,

నీ కోపం నాకు తగిందే. కానీ అంతకు ముందు నువ్వు రాసిన ఉత్తరాలు రెండూ తీసి మళ్ళీ చదివాను. బావ చెయ్యి, బావ భుజం, బావని చూడు, బావ రోజూ ఆడేలా చూడు. "అక్కా, నువ్వెలా ఉన్నావు" అనే మాట ఎక్కడైనా కనబడుతుందేమోనని వెతికాను. అట్ట తలకిందులుగా వేశానని నేను రాసినప్పుడు ఏం చెప్పాననుకున్నావు? పుస్తకం గురించే అనుకున్నావా?

సరే, అది వదిలెయ్యి. నువ్వడిగిన దానికి జవాబు చెప్తాను. ఇది మీ బావ ఆలోచన కాదు. కానీ ఆయనకి తెలుసు.

మీ సెంటర్ కాగితం వచ్చిన రోజు పెట్టె సర్దుతూ ఆయనతో చెప్పేశాను, మీ చేతి పేరు మీద నేనే ఆడానని. ఆయన కట్టు సర్దుకుంటూ "తెలుసు" అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచే. నువ్వు నవ్వావు."

"నేనా?"

"పెద్దగా కాదులే. ఏదో ఎవరో ఎత్తుకుపోయినట్టు, 'ఏయ్' అని నవ్వావు. కర్టెన్ ఇవతల ఉన్నా. ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు."

"మరి నిద్రపోతున్నారనుకున్నానే!"

"కళ్ళు మూసుకున్నానంతే."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసి ఎందుకు ఊరుకున్నారు? నన్ను తిట్టాల్సింది. లాక్కోవాల్సింది. చెయ్యి మీది!"

ఆయన ఏమన్నారో తెలుసా? "అది రోజుకి ఇరవై నిమిషాలే తెరుచుకుంటుందని నువ్వేగా చదివి వినిపించావు. నేను ఆడితే నీకు లేదు. నువ్వు ఆడితే నాకు లేదు. నాకు ఇవ్వడానికి ఇంకేం మిగిలింది?"

రేపు, రేపు అన్నది బద్ధకంతో కాదు చిన్నోడా. నాకోసం వదిలేశారు. నేనేమో ఆయన చెయ్యి దోచుకున్నానని లోపల్లోపల కుమిలిపోతున్నాను, ఆయనేమో దాన్ని దానం చేసి కూర్చున్నారు. అంత మొద్దు ప్రేమ ఎవరు చెయ్యమన్నారు? ఆయన మీద జాలి రావాలి కదా, నాకు మాత్రం కోపమే వచ్చింది. ఇద్దరం ఒకే గదిలో ఉండి ఒకళ్ళతో ఒకళ్ళం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"మరి ఆ రోజు ఒక్కరే ఎందుకు లేచారు?" అని అడిగాను.

"నువ్వు నా చేతిని తల మీదిదాకా తీసుకుపోయావు. ఆగస్టులోపు అందుకోవాలి కదా" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండిటికీ ఓపిక లేదు. పెట్టె కట్టి తలుపు దగ్గర పెట్టాను. మీవాళ్ళు ఎప్పుడొచ్చినా తీసుకెళ్ళొచ్చు.

అక్క

* * *

ఆగస్టు 3

అక్కా,

నువ్వెలా ఉన్నావు?

ఈ మాటతో మొదలుపెడదామని మూడు కాగితాలు పాడుచేశాను. రోజుకి నలభై ఒక్క మందిని "ఎలా ఉన్నారు" అని అడుగుతాను. నిన్ను అడగలేదు. నువ్వు ఎప్పుడూ నిలబడే ఉంటావని నాకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. నిలబడ్డవాళ్ళని మా సెంటర్‌లో ఎవరూ చూడరు.

నీ ఉత్తరం పెద్ద డాక్టరుగారికి చూపించాను. నిన్ను అడగకుండా చూపించినందుకు తిట్టు. ఆయన చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మన ఫారంలో పేషెంటుని చూసుకునేవాళ్ళ గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు కదయ్యా" అన్నారు. పెట్టె అక్కడే ఉంచండి, మొదటి నుంచి మొదలుపెడదామన్నారు. తలుపు దగ్గరి నుంచి తీసి లోపల పెట్టు.

అబద్ధం చెప్పను. రిపోర్టు తప్పని తెలిశాక కంట్రోల్ గది కుర్చీ వేరే మనిషికి ఇచ్చేశారు, నిన్న ఫోన్ చేసి చెప్పారు. పోయిన వారాలు కూడా పూర్తిగా తిరిగి రావు. భుజం జారడం వల్ల ఇంకాస్త వెనక్కి వెళ్ళాం. బావ చెయ్యి తల మీదికి ఎప్పటికైనా లేస్తుందా అంటే, నాకు తెలియదు.

పన్నెండు రోజులు సెలవు దొరికింది. తొమ్మిదో తారీకున వస్తున్నాను. బావ గడ్డం నేను గీస్తాను, రాత్రి పక్కకి నేను తిప్పుతాను, తిట్లు నేను తింటాను. నువ్వు నిద్రపో. వంట కూడా చెయ్యొద్దు. నా వంట గురించి నాకు తెలుసులే, అయినా చెయ్యొద్దు.

చిన్నోడు

* * *

సెప్టెంబరు 5

చిన్నోడా,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. వంటగదిలో నువ్వు మాడ్చిన గిన్నె ఇప్పటికీ తెల్లబడలేదు.

నువ్వున్న మొదటి మూడు రోజులూ మేడమీద టీచరుగారి గదిలో నేను పడుకునే ఉన్నానని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ భోజనానికి లేపితే తిని మళ్ళీ పడుకున్నానట. ఇప్పుడు కూడా మధ్యాహ్నం ఒక గంట పైకెళ్ళి పడుకుంటున్నాను. మీ సెంటర్ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే నర్సు ఆ వేళకి ఉంటోంది. మిగతా రోజులు టీచరుగారే. అలసట పోయిందని చెప్పను. ఎముకల్లోకి వెళ్ళింది ఒక్క నెలలో బయటికి రాదు. కానీ దాని పేరు పైకి చెప్పగలుగుతున్నాను. "ఈ రోజు నా వల్ల కాదు" అంటాను. "సరే, గడ్డం రేపు" అంటారు ఆయన.

మీ బావ తన ఇరవై నిమిషాలూ తనే ఆడుతున్నారు, కూర్చునే. నిన్న అయిదు పళ్ళు. నీ తెరకి వచ్చే ఉంటుంది. ఆ పిట్టని ఇంకా చూడలేదని విసుగు. ఆట అయ్యేదాకా నన్ను ఆ గదిలోకి రానివ్వరు, చూస్తే చెయ్యి సిగ్గుపడుతుందట.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. మొన్న ఆదివారం మేం పోట్లాడుకున్నాం.

తువ్వాలు గురించి. తడి తువ్వాలు మంచం మీద పడేశారు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ అలవాటు మానలేదు. ఏప్రిల్ నుంచి నేను ఒక్క మాట అనలేదు, జబ్బు మనిషిని ఏమంటామని. తీసి ఆరేసేదాన్ని. ఆయన కూడా నా పనులకి వంకలు పెట్టడం మానేశారు, చేయించుకునేవాడికి నోరెందుకని. అయిదు నెలలుగా ఇంట్లో ఇద్దరు అతిథుల్లా ఉన్నాం. ఆదివారం ఎందుకో నాకు తిక్క రేగింది. "మీకు చెయ్యే కదా పడిపోయింది, బుద్ధి కూడా పడిపోయిందా?" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. ఆ తర్వాత మొదలుపెట్టారు చూడు! నా నోరు గురించి, మన పుట్టింటివాళ్ళందరి నోళ్ళ గురించి, నేను ఉప్పు ఎక్కువేసే కూరల గురించి, పదేళ్ళ కిందట నేను పారేసిన ఆయన పాత చెప్పుల గురించి. నేనూ తగ్గలేదు. టీచరుగారు పై నుంచి కర్రతో నేల మీద కొట్టారు. ఇద్దరం ఒకేసారి "మీరు ఆగండి!" అని అరిచాం.

"అసలు నువ్వు..." అంటూ ఆయన నా మొహం మీదికి వేలు చూపించారు.

ఎడమచెయ్యి.

భుజం దాకా లేచింది. వేలు నా ముక్కుకి ఎదురుగా ఉంది, కొంచెం వణుకుతూ. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయేసరికి ఆయన కూడా నా చూపు వెంట తన చేతి వైపు చూశారు. చూడగానే అది మెల్లగా కిందికి దిగిపోయింది. మళ్ళీ ఎత్తబోతే ఛాతీ దాకా కూడా రాలేదు.

ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. నేను ఆయన చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను. బరువుగా ఉంది, వేడిగా ఉంది.

అది ఏ యంత్రానికీ ఎక్కలేదు, నీ తెర మీదికి రాదు. కోపంలో అలా ఒక్కోసారి లేస్తుందని, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నువ్వంటావేమో. తీసుకోకు. గోడకి కూడా ఏమీ అంటించకు. ఊరికే నీతో చెప్పాలనిపించింది.

కాసేపటికి ఆయన గొంతు సవరించుకుని, "ఇంతకీ ఆ తువ్వాలు ఎక్కడ ఆరెయ్యమంటావు?" అన్నారు.

"దండెం మీద" అన్నాను.

లేచి, కర్ర పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళారు. నేను సాయం వెళ్ళలేదు. అక్కడే కూర్చున్నాను.

నువ్వెలా ఉన్నావు? నిజం రాయి.

అక్క